చెన్నయ్య చెంబు, మోట వంతు

యుద్ధం పేరు చెప్పి కిరసనాయిలు దొరకని ఆ ఏళ్లలో, ధరూర్ దగ్గరి ఒక పల్లెలో ఉండే చెన్నయ్యకు అంతకన్నా పెద్ద చిక్కు వచ్చిపడింది. అతని కడుపు మాట వినడం మానేసింది.

చెన్నయ్యకూ, అతని చిన్నాయన కొడుకు కిష్టయ్యకూ కలిపి ఒకటే మోటబావి. కడుపు ఖాళీ చేసుకోనివాడు మోట లాగే మోకుతాడు మీద కూర్చుని ఎద్దులను తోలకూడదని తాతలు పెట్టిన కట్టడి. కనుక తెల్లవారి చెంబుతో వెళ్లి, ముందు తిరిగివచ్చిన ఇంటిపెద్దదే మొదటి వంతు. వయసులో ఉన్నన్నాళ్లూ చెన్నయ్యను మించినవాడు లేడు. ఇప్పుడు పొద్దెక్కేదాకా తంగేడు పొద వెనుకే గడిచిపోతోంది. ఎండాకాలంలో రెండో వంతుకు బావిలో మిగిలేది బురదే. అతని మిరపతోట తల వాల్చింది.

గద్వాల దవాఖానలో డాక్టరు అనంతయ్య పొట్ట నొక్కి చూశాడు.

"పేగులల్ల గూడ నరాలుంటయి పెద్దాయనా. తిన్నదాన్ని కిందికి నెట్టేది అవే. వయసు మీదపడి నీ చెవులు మందగించినట్టే అవీ మందగించినయి. నీళ్లు తాగు, అంబలి తాగు, ఆకుకూర తిను. పరేషాన్ అయితే మాత్రం అవి కదలవు."

"నరాలకు నిదానం సరే. నా మిరపకు నిదానమేడుంది సారూ?"

మర్నాటినుంచి చెన్నయ్య చెంబుతో వెళ్లడం, నీళ్లు పొదకు పోసి వెంటనే తిరిగిరావడం మొదలుపెట్టాడు. అయినా కిష్టయ్యే ముందు వస్తున్నాడు! భార్య ఈదమ్మ మూతి తిప్పింది.

"గింత జల్ది అయ్యిందా?"

"ఎందుకు గాదే?"

"నీ మొకం జూస్తే కానట్టే ఉంది."

ఆ మరునాడు చెన్నయ్య మరీ ముందే లేచి వెళ్లి చెంబు వంచాడు. పొదకు అవతల కూడా నీళ్లు పోసిన చప్పుడైంది. తొంగిచూస్తే కిష్టయ్య, నిలబడే, చెంబు బోర్లించి!

"ఏందిరా కిష్టిగా, నిలబడే కానిచ్చినవా?"

"నువ్వు గూసున్నవా అన్నా?"

చెన్నయ్య తన ఖాళీ చెంబు పైకెత్తి చూపించాడు.

"ఎప్పటిసంది?"

"కందులు కోసినకాడికెల్లి. నా పెండ్లానికి గూడ తెల్వదు."

చెన్నయ్యకు నవ్వు ఆగలేదు. "రేపటిసంది దినం మార్చి దినం తోలుకుందాం తమ్మీ. ముందు నా వంతు."

"మరి తాతల కట్టడో?"

"తాతలు గింత ముసలోళ్లు గాలే. అయ్యుంటే గిట్లాంటి కట్టడి పెట్టేటోళ్లా?"

మరునాడు తొందర లేకుండా చెన్నయ్య మోకెక్కాడు. కిష్టయ్య బావి గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు మిరప సాళ్లలోకి పారుతుంటే హాయిగా కూనిరాగం తీశాడు. సగం వంతు కాకముందే రాగం తెగింది.

"కిష్టిగా, జర ఎద్దులను పట్టరా!" అంటూ మోకు దిగి, చెంబు కూడా మరిచి, పొదవైపు పరుగెత్తాడు.

పగ్గాలు పట్టుకున్న కిష్టయ్య అటువైపు చూసి, అసూయతో నిట్టూర్చాడు.