మేస్త్రి తట్టిన గోడ

టైల్స్ మేస్త్రి గోడను కంటితో నమ్మడు. చెవి ఆనించి, వేలి కణుపుతో తలుపు కొట్టినట్టు తడతాడు. డొల్లగా మోగితే గోడకు పూసిన గచ్చు వదులైనట్టే, మళ్లీ చెక్కాల్సిందే. ఈసారి స్నానాలగది గోడ చెక్కి, టైలు పట్టేలా గాట్లు పెట్టింది ఆయన కోడలు. అది ఆమె మొదటి గోడ.

"ఒక్కచోట డొల్ల దొరికినా నువ్వు మళ్లీ ఇటుకలు మోయడానికే పోతావు," అన్నాడు ముందే. మూలమూలా తట్టాడు. మూలుగుతూ చతికిలబడి కుళాయి కిందా తట్టాడు. ఎక్కడా డొల్ల లేదు. ఏనాడూ కదలని ఆ మీసాల కింద నవ్వు పుట్టింది. ఉబ్బితబ్బిబ్బై, సిమెంటు పూసిన టైలు గోడకు ఎత్తాడు.

"ఆగండి మామయ్యా! గోడ తడపకుండానే అంటిస్తారా? పొడి గోడ సిమెంటులో నీళ్లు పీల్చేస్తే టైలు నిలుస్తుందా? మీకెవరు నేర్పారండీ ఈ పని?"

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. తాపీ కోడలి చేతిలో పెట్టి, తానే బకెట్టు పట్టుకుని నీళ్లకు పరుగెత్తాడు.