మీమ్ అరలో మెడిసిన్ సీటు

ఇన్షిరాహ్ మేడమ్‌కు ముక్కు మీదే కోపం. వచ్చినంత తొందరగానే పోతుందని ఆమె అంటుంది. పోయేలోపు ఎవరో ఒకరి పని పట్టి మరీ పోతుందని ఆఫీసులో వాళ్ళంటారు. రెండూ నిజమే.

కైరో శివార్లలోని అక్టోబర్ నగరం చివర, ఎడారి మొదలయ్యే చోట ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఫైళ్ళ గదికి పంతొమ్మిదేళ్ళుగా ఆమే మహారాణి. ఆమె చేరిన ఏడాది అక్కడ ఒక్కటే భవనం, చుట్టూ ఇసుక, రెండు వందల మంది పిల్లలు. ఇప్పుడు ఏడాదికి నాలుగు వేల మంది చేరుతున్నారు. రోజూ పొద్దున ఫైసల్ వీధిలో మైక్రోబస్సు ఎక్కి, చిల్లర కోసం డ్రైవరుతో ఓ విడత పోట్లాడి, సంచిలో చిక్కుడు గింజల ఫూల్ శాండ్‌విచ్‌తో ఎనిమిదింటికల్లా వచ్చి గది తాళం తీస్తుంది. పంతొమ్మిదేళ్ళలో ఒక్క కాగితం కూడా పోలేదు. ఆ సంగతి మనం అడగక్కర్లేదు, ఆమే చెబుతుంది.

ఆమె పద్ధతి పాత పద్ధతి. ఫైళ్ళన్నీ పిల్లల సొంత పేర్ల వరసలో ఉండేవి. పేర్లు ఒకటే అయితే తండ్రి పేరు చూసేది, అదీ ఒకటే అయితే తాత పేరు. ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి పేరు సగం చెప్పేసరికే ఆమె చెయ్యి అర మీదికి పోయేది.

ఆ వేసవిలో కొత్త డైరెక్టరు వచ్చాడు. పేరు డాక్టర్ మురాద్ అబ్దెల్ లతీఫ్. మంచివాడే, కానీ పదకొండేళ్ళు బయటి దేశాల్లో ఉండి వచ్చాడు. రెండో రోజునే ఫైళ్ళ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేంటి మేడమ్? అన్నీ సొంత పేర్ల వరసలో పెట్టారు? ఇంటిపేరు వరసలో కదా ఉండాలి?"

"మనకి ఇంటిపేర్లెక్కడివి డాక్టర్? నా పేరు, మా నాన్న పేరు, మా తాత పేరు. ఓపికుంటే ఆ పైన ఇంకొకటి."

"చివర ఏదో ఒకటి ఉంటుందిగా? సర్టిఫికెట్ మీద చివరి పదం చూడండి, దాన్ని బట్టి సర్దండి. తేలికైన పని."

"చివరి పదమేనా?"

"చివరి పదమే."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆమె ఆగస్టు ఎండలో, గిలగిల కొట్టుకునే ఒక్క ఫ్యాను కింద రెండు వారాల పాటు అరలన్నీ తిరగేసింది. మొదటి రెండు రోజులు పళ్ళు నూరుకుంటూ సర్దింది. మూడో రోజుకి కోపం చల్లారి, తక్కినవన్నీ బుద్ధిగా సర్దింది. తర్వాత ఆ గొడవే మర్చిపోయింది.

సెప్టెంబరులో ఒక గురువారం పది గంటలకు ఒక తండ్రీ కూతురూ పరుగున వచ్చారు. అమ్మాయి పేరు షాహెందా. తండ్రి ఫత్హీ బడిపంతులు. మనిషి సన్నగా ఉన్నాడు, చొక్కా అంతా చెమట.

"మేడమ్, మా అమ్మాయి ఫైలు వెనక్కి కావాలి. ఇక్కడ ఫార్మసీలో చేర్పించాం. ప్రభుత్వ మెడిసిన్ సీటు ఒక్క మార్కులో పోయిందని మళ్ళీ దిద్దించమని అర్జీ పెట్టుకున్నాం. నిన్న సాయంత్రం ఫలితం వచ్చింది. రెండున్నర మార్కులు పెరిగాయి!"

"మబ్రూక్, శుభాకాంక్షలు! ఉండండి, ఒక్క నిమిషంలో ఇచ్చేస్తాను."

"మధ్యాహ్నం రెండింటికల్లా అసలు సర్టిఫికెట్ కాలేజీలో ఇవ్వాలి మేడమ్. ఈరోజే ఆఖరు. లేకపోతే సీటు తర్వాత వాళ్ళకి పోతుంది."

కాలేజీ కైరో నడిబొడ్డున ఉంది. ఇక్కడినుంచి గంటన్నర ప్రయాణం. అంటే పన్నెండు దాటకుండా బయలుదేరాలి. ఇన్షిరాహ్ అంత కంగారు పడలేదు. పక్క బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా సొహెయిర్ కంప్యూటర్లో చూసి చెప్పింది, "షాహెందా ఫత్హీ అబ్దెల్ మోనెమ్ అల్ దీబ్."

ఇన్షిరాహ్ అరబీలో ద అక్షరమైన దాల్ అర దగ్గరికి వెళ్ళింది. దీబ్‌లు ముగ్గురున్నారు. ముగ్గురూ మగపిల్లలే. అర మొత్తం దించి చూసింది. కింద పడిందేమోనని మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. లేదు.

"దొరికిందా మేడమ్?" షాహెందా కిటికీలోంచి తల పెట్టి అడిగింది.

"దొరుకుతుంది తల్లీ. నా గదిలో ఏదీ పోదు." ఆ మాట అంటున్నప్పుడు తన గొంతే తనకు కొత్తగా వినిపించింది.

పదకొండయింది. డాక్టర్ మురాద్ వచ్చి విషయం విన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేదేమో. తెల్లకాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పోయిందని రాసి సంతకం చెయ్యండి మేడమ్. దాన్ని పట్టుకెళ్తే విద్యాశాఖ వాళ్ళు నకలు ఇస్తారు."

"ఎన్నాళ్ళకి?" అన్నాడు ఫత్హీ.

"పది రోజులకి."

ఫత్హీ కుర్చీలో కూలబడ్డాడు. షాహెందా ఏడవలేదు. గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. ఆ పిల్ల ఏడ్చి ఉంటే ఇన్షిరాహ్‌కు ఓదార్చే పనైనా ఉండేది. ఒక పిల్ల రెండేళ్ళ చదువు తన చేతుల్లో పోయింది. పంతొమ్మిదేళ్ళ పేరూ దానితోనే పోయింది. ఆ రెండో దాని గురించి బాధపడుతున్నందుకు ఆమెకు సిగ్గేసింది కూడా.

సొహెయిర్ పుదీనా టీ తెచ్చింది. ఫత్హీ ఒక గుక్క తాగి, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు, "అంతా ఈ తోడేలు వల్లే. దీబ్ అనేది మా ఊళ్ళో వాళ్ళు మా తాతని పిలిచిన పేరు. కోళ్ళు ఎత్తుకుపోతాడని."

"నిజంగా ఎత్తుకుపోయేవాడా?" సొహెయిర్ ఆగలేకపోయింది.

"ఒక్కటే కోడమ్మా. ఒక్క కోడికి మూడు తరాల శిక్ష. గుర్తింపు కార్డు చేయించేటప్పుడు మా నాన్న అదీ రాయించాడు. బడి కాగితాల్లో మాత్రం దీబ్ లేదు. అబ్దెల్ మోనెమ్‌తో ఆఖరు."

ఇన్షిరాహ్ టీ వదిలేసి లేచింది. సర్టిఫికెట్ బడి కాగితం. ఆమె సర్దింది సర్టిఫికెట్ చూసే. అబ్ద్ మొదలయ్యే అక్షరం ఐన్. ఆ అరలో అబ్ద్‌లు మూడు వందల పైన ఉన్నారు. సొహెయిర్ సగం, తను సగం చూశారు. అబ్దెల్ మోనెమ్‌లు పదిమంది దొరికారు. షాహెందా లేదు.

పన్నెండుకు పది నిమిషాలుంది. ఇక వెతికే చోటే లేదు.

"సంతకం చెయ్యండి మేడమ్," డాక్టర్ మురాద్ మెత్తగా అన్నాడు. "వీళ్ళనైనా కదలనిద్దాం. నేను కాలేజీకి ఫోన్ చేసి బతిమాలి చూస్తాను."

ఆమె కలం తీసింది. కింద పూర్తి పేరు రాయడం మొదలుపెట్టింది. ఇన్షిరాహ్. మహ్రూస్. అబ్దెల్ బాసిత్. చివరి పదం మీద కలం ఆగిపోయింది. బాసిత్.

చివరి పదం!

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొదటి రెండు రోజులు. చివరి పదమంటావా, ఇదిగో నీ చివరి పదం అని పళ్ళు నూరుకుంటూ, అబ్ద్ ఉన్న ప్రతి పేరునీ రెండు ముక్కలు చేసింది. అబ్ద్ అంటే దాసుడు. ఎవరి దాసుడో ఆ దేవుడి పేరు వెనకే ఉంటుంది. ఈ దేశంలో పాలు తాగే పిల్లాడు కూడా ఆ రెండింటినీ విడదీసి పిలవడు. ఐదు పూటలా నమాజు చేసే తను విడదీసింది. దాసులను వదిలేసి, దేవుడి పేరు పట్టుకుని అరల్లోకి తోసింది. మూడో రోజున కోపం పోయింది కాబట్టి తక్కిన అబ్ద్‌లు సరిగ్గా ఐన్‌లోకే చేరారు. ముందువి సర్దుదాంలే అనుకుని మరిచింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

"మీమ్!" అని అరిచి, కలం పడేసి పరిగెత్తింది. యాభై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, నిచ్చెన మీద మూడు మెట్లు ఒక్క అంగలో ఎక్కింది. మ అంటే మీమ్, మోనెమ్. గులాబీ రంగు అట్ట. లోపల ఆరు ఫోటోలు, జనన పత్రం, ప్రభుత్వ గద్ద ముద్రతో అసలు సర్టిఫికెట్.

"అల్‌హందులిల్లాహ్!" అని ఫైలు గుండెకు హత్తుకుంది. సొహెయిర్ చెయ్యి పట్టుకుని నిచ్చెన దిగింది.

డాక్టర్ మురాద్ విడుదల కాగితం మీద ముద్ర తనే కొట్టాడు. "నా కారు తీసుకెళ్ళండి, డ్రైవరుకి దారి తెలుసు," అని తాళం ఇచ్చి పంపాడు. వాళ్ళు వెళ్ళాక ఇటు తిరిగాడు. "అసలు అక్కడికెలా పోయింది మేడమ్?"

సొహెయిర్ కన్ను గీటింది. మీరు చెప్పినట్టే చేశాం అనేస్తే సరిపోయేది. అబద్ధం కూడా కాదు. ఇన్షిరాహ్ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మీరు చెప్పిందే చేశాను డాక్టర్. కానీ కావాలని చేశాను. మీ మీద కోపంతో. అది తప్పని చేస్తున్నప్పుడే తెలుసు. ఆ పిల్ల సీటు పోయి ఉంటే దేవుడికి నేనేం చెప్పేదాన్ని?"

అతను ఇంకా సగం సంతకంతో పడి ఉన్న కాగితాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అదేం లెక్కో ఆమెకు తెలియలేదు. శాండ్‌విచ్ సంచిలోనే ఉండిపోయింది.

రెండుకు ఎనిమిది నిమిషాలుండగా సొహెయిర్ ఫోన్ మోగింది. ఆమె దాన్ని ఇన్షిరాహ్ చేతికిచ్చింది.

"మేడమ్, తీసుకున్నారు! ఇప్పుడే!" షాహెందా గొంతు. ఇంతసేపూ ఏడవని పిల్ల ఇప్పుడు వెక్కివెక్కి ఏడుస్తోంది. "నాన్న ఇక్కడ మెట్ల మీద కూర్చుండిపోయారు, లేవలేకపోతున్నారు."

"లేపకు తల్లీ, కూర్చోనీ. కాసేపు హాయిగా కూర్చోనీ."

ఇన్షిరాహ్ ఫోన్ పెట్టేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెళ్ళింట్లో తీసినట్టు నాలుక ఆడిస్తూ ఒక్క జగ్రూతా కూత తీసింది. ఆ కూతకు కారిడార్లో వరసలో నిలబడ్డ పిల్లలు ఉలిక్కిపడి, తర్వాత చప్పట్లు కొట్టారు. పొద్దుటినుంచీ గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆమె కూర్చుని, కళ్ళు తుడుచుకుని, చల్లారిపోయిన ఫూల్ శాండ్‌విచ్ నాలుగు ముద్దల్లో తినేసింది.

కూత విని డాక్టర్ మురాద్ పరుగున వచ్చాడు. సంగతి విని గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత, ఉద్యోగుల ఫైళ్ళు కూడా ఈ గదిలోనే ఉంటాయని గుర్తొచ్చిందేమో, అడిగాడు.

"నా ఫైలెక్కడ పెట్టారు మేడమ్?"

"లామ్ అరలో డాక్టర్. లతీఫ్ కింద." ఆమె తల దించుకుంది. "ఆ రోజు మొట్టమొదట సర్దింది మీదే."

ఆయన నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు, ఆపుకోలేకపోయాడు. "రేపూ ఎల్లుండీ సెలవులయ్యాక, ఆదివారం నుంచి అందరినీ మళ్ళీ సొంత పేర్ల కిందికి పంపించేయండి. నన్ను కూడా."

ఆమె ఆదివారం దాకా ఆగలేదు. లామ్ అరలోంచి ఆయన ఫైలు తీసి దుమ్ము తుడిచింది.

"మురాద్ అంటే మీరూ మీమే డాక్టర్," అంటూ నిచ్చెన ఎక్కి, షాహెందా ఖాళీ చేసిన చోట పెట్టింది.