మామ పండ్ల సెట్టు మడుగుల పడ్డ ముచ్చట

నిన్న నేను చేసిన ఘనకార్యం చెప్తే మీరు నవ్వుతరు గానీ, మా ఇంట్ల మాత్రం ఇంకా ఎవ్వరు నవ్వుతలేరు. మా మామ పండ్ల సెట్టు కిన్నెరసాని ఏట్ల పారబోసిన! అవ్, పారబోసిన. జారి పడలే, ఎవడో ఎత్తుకపోలే. ఈ చేతుల్తోనే!

మా మామది ముదిగొండ దిక్కు. పెద్ద రైతు. చేను గెట్టు తగువైనా, అన్నదమ్ముల పంచాయితీ అయినా ఆయన నోరు తెరవాల్సిందే. గొంతు ఖంగుమంటది. పోయిన నెలనే ఖమ్మంల పండ్ల డాక్టర్ దగ్గర పైనా కిందా కట్టుడు పండ్ల కొత్త సెట్టు చేయించుకున్నడు. ఇయ్యాల అశ్వారావుపేటల ఎవరిదో భూమి పంచాయితీకి పెద్దమనిషిగ పోవాలె, అందుకని మొన్న సాయంత్రమే వచ్చి పాల్వంచల మా పవర్ ప్లాంటు క్వార్టర్ల దిగిండు. నా పెండ్లయి మూడేండ్లు. "అల్లుడుగారు", "మీరు" తప్ప ఇంకో మాట అనలే నన్ను.

నిన్న నాకు ఆఫ్. ఎండలు చూస్తనే ఉన్నరు గదా, వానలు తెచ్చే మిరుగు కార్తెకు ఇంకా వారమున్నది. ఫ్యాన్ వేస్తే పొయ్యి ఊదినట్టున్నది. కరెంటు పుట్టించేటోళ్ల ఇంట్లనే ఈ గతి! నాకేమో మామ ముందు ఏదన్న గొప్ప చూపియ్యాలని దుగ్ధ.

"మామా, అడవిల నాకో మడుగు తెలుసు. ఒక్క మనిషి రాడు. నీళ్లు కుండల నీళ్ల లెక్క సల్లగుంటయ్" అన్న.

"నాయినను గీ ఎండల తిప్పుతరా?" అన్నది మా సుజాత. అనుకుంటనే పులిహోర కలిపి, సంచెడు రసాల మామిడిపండ్లు సర్దింది.

బస్సు దిగి మైలు దూరం నడిచినం. తోవ పొంట బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఆరబోసి ఉన్నయ్. ఏరు ఎండి అంతా ఇసుకే, రెండు బండల నడుమ మాత్రం నడుము లోతు నీళ్లు, అడుగున గులకరాళ్లు కనపడుతున్నయ్. అవతల ఇసుకల ఒక కోయ ఆమె చెలిమె తోడుకొని, ఊరిన నీళ్లు చిప్పతోని బిందెల పోసుకుంటున్నది. ఇంక పిట్ట మనిషి లేడు.

మామ పంచె ఎగ్గట్టి నీళ్లల్ల మెడదాకా కూసున్నడు. కండ్లు మూసుకున్నడు. "అల్లుడుగారూ, మంచి జాగ చూపిచ్చిన్రు" అన్నడు. ఆ మాటతోని నా ఛాతీ రెండింతలైంది. ఇగ చూడున్రి, ఈత కొట్టుడే కొట్టుడు!

తర్వాత బువ్వ తిన్నం, రసాలు పిండుకున్నం. రసం పీచు మామ సెట్టుల ఇరికింది. ఆయన అటు మళ్లి, సెట్టు తీసి, ఒక స్టీలు గ్లాసుల నీళ్లు పోసి అందుల వేసి, బండ మీద పెట్టి, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని నీడకు ఒరిగిండు. సుజాత ఆకులు పారేయనీకె పోయింది. నేను అప్పటికే మళ్ల నీళ్లల్ల దిగిన, ఇదేం చూడలే.

ఒడ్డుకు రాంగనే దూప అయింది. చెలిమె నీళ్లు తాగుదామనుకున్న. బండ మీద గ్లాసు కనపడ్డది. సగం నీళ్లు, రసం పీచు తేలుతున్నది. ఛీ, ఎంగిలి నీళ్లని మడుగులకు ఒక్క ఇసురు ఇసిరిన. తెల్లగ ఏందో 'టుబుక్'మన్నది. కొబ్బరిముక్క అనుకున్న! చెలిమె కాడికి పోయి కడుపునిండ తాగి, గ్లాసు కడిగి, తెచ్చి బోర్లించి గూడ పెట్టిన. అంత శుభ్రం నాకు!

ఇంతల మామ లేచిండు. బోర్లించిన గ్లాసు చూసిండు. ఎత్తి చూసిండు. నా దిక్కు చూసిండు.

"నా ఫండ్లేఫి?"

"ఏంది మామా?"

"నా ఫండ్లు!"

అప్పుడు తెలిసింది. ఆ 'టుబుక్'మన్నది కొబ్బరిముక్క కాదని. నిజం చెప్తే అయిపోయేది. గానీ మూడేండ్ల మర్యాద అడ్డమొచ్చింది. చెట్టు మీద రెండు కోతులుంటే చెయ్యి అటే పోయింది.

"కోతి, మామా! గిప్పుడే... గ్లాసుల చెయ్యి పెట్టి..."

నా ఖర్మకు అందుల ఒక కోతి మమ్మల్ని చూసి పండ్లు ఇకిలించింది. మామ ఎగిరి నిలబడ్డడు. "అఫి నాఫే!" అని కట్టె పట్టుకొని ఉరికిండు. అప్పుడే తిరిగొచ్చిన సుజాత రెండు మామిడిపండ్లు పట్టుకొని, "రా, రా, ఇది తీస్కో, అవి ఇచ్చెయ్" అని కోతిని బతిమాలుకుంట వెనకాల ఉరికింది.

ఆళ్లు చెట్ల చాటుకు పోంగనే నేను మడుగుల దూకిన. మునుగుడు, తేలుడు. దొరికినయన్నీ గులకరాళ్లే. అన్నీ తెల్లగనే, అన్నీ పండ్ల లెక్కనే! కొంచెం సేపటికి ఆయాసంతో తల ఎత్తిన. ఒడ్డు మీద మామ. చెమటలు కారుతున్నయ్, బుగ్గలు లోపలికి పోయి, ముఖం చిన్నగైపోయింది. ఖంగుమనే మనిషి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డడు. ఆ ముఖం చూసి ఇగ చెప్పేద్దామని నోరు తెరిచిన.

నేను చెప్పకముందే కోయ ఆమె బిందె దించి నవ్వింది. "కోతి ఏం చేసె పెద్దాయనా? గీ సారే గ్లాసుల నీళ్లు ఇసిరిండు. ఆ నల్లబండ కాడ పడ్డయ్."

ఇగ మామ మొదలుపెట్టిండు. చేతులు ఊపుకుంట, నెత్తి కొట్టుకుంట, ఫ ఫ ఫ అని ఒకటే! నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఏమంటుండు?" అన్న సుజాతను.

"గాడిద అంటున్నడు."

"ఎవర్ని?"

"ఇంకెవర్ని?"

ఇంకా చాలా అన్నడు. సుజాత కొన్ని చెప్పింది, కొన్ని "అది వద్దులెండి" అని మింగింది.

కోయ ఆమెనే పుణ్యం కట్టుకున్నది. చేపలు పట్టే బుట్ట తెచ్చి, నల్లబండ కాడ దిగి, ఇసుక దేవింది. మొదటిసారి నత్తలు. రెండోసారి ఒక బొమ్మిడాయ పిల్ల. మూడోసారి కింది సెట్టు! ఇంకో నాలుగుసార్లు దేవితే పైది గూడ వచ్చింది. నేను సంబరం ఆపుకోలేక నీళ్లల్లనే ఎగిరిన. ఆమెకు రెండు చేతులెత్తి మొక్కిన. సుజాత మిగిలిన రసాలన్నీ ఆమె బుట్టల పోసింది.

మామ సెట్టు చెలిమె నీళ్లతోని మూడుసార్లు కడిగిండు. మెల్లగ పెట్టుకున్నడు. దవడలు అటూ ఇటూ ఆడించిండు, 'టక్'మన్నది. గొంతు సవరించుకున్నడు. హమ్మయ్య, పంచాయితీ ఆగదు, మామ మర్యాద నిలబడ్డది అని నేను చేతులు కట్టుకొని నవ్వుకుంట నిలబడ్డ.

"ఇగ విను" అన్నడు మామ, ఖంగుమని. 'మీరు' పోయింది, 'గారు' పోయింది. ఇందాక నాకు అర్థం కాని తిట్లున్నయే, అవన్నీ మొదటి నుంచి మళ్లీ అందుకున్నడు. ఒక్క అక్షరం పోలే. సుజాత మింగినవి గూడ! మైలు దూరం నడిచినంత సేపు, బస్సుల పాల్వంచ దాకా. కండక్టర్ టికెట్లు కొట్టుడు ఆపి మరీ విన్నడు.

ఆ తల్లి అంత జల్ది ఎందుకు దేవిందో! సాయంత్రం దాకా దేవితే ఏం పోయేది?