చెరుకు కత్తికి పొట్ట

పొద్దున మా నిజామాబాద్ గల్లీలోకి సాన పట్టేవాడు వచ్చాడు. తుప్పు పట్టిన చెరుకు కత్తి, బాపుది, ఇచ్చాను. నీళ్లు తగలని పొడి సానరాయి మీద నిప్పురవ్వలు లేచాయి. గల్లీ అంతా కాలిన ఇనుము వాసన.

బోధన్ వైపు పెరిగినోళ్లు చెప్పండి, మీ ఇంట్లోనూ సానరాయి నీళ్ల తొట్టిలో సగం మునిగి తిరిగేది కదూ? మా ఇంట్లో అవ్వ పిడి తిప్పేది. బాపు కత్తిని మెల్లగా ఊపుతూ, అంచు వెనక కొంచెం ఉబ్బు మిగిల్చేవాడు. దాన్ని పొట్ట అనేవాడు. అది ఉంటేనే చెరుకు గణుపు మీద అంచు విరగదు. ఆ తడిరాయి వాసనతోనే మాకు కోతలు మొదలయ్యేవి.

చెరుకు పోయి మా పొలంలో వరి వచ్చి ఏళ్లయింది.

సాన పట్టడం అయ్యాక బాపు కత్తి అందుకుని బొటనవేలితో అంచు తడిమాడు.

"పొట్ట తీసేసిండు బిడ్డా. గిది ఇగ గణుపు కొట్టది."

"మళ్ల పట్టిద్దామా బాపు?"

"ఎందుకు తియ్యి. ఉల్లిగడ్డలు కోసుకో."