గంగే రాసిన ఎలుగుబంటి జవాబు

పరీక్ష రాసి బయటికొచ్చాక జవాబులు సరిచూసుకోని మనుషులంటే నాకు ఒళ్లు మంట. అయిపోయిందేదో అయిపోయిందని చేతులు దులుపుకుని పోతారే, వాళ్లకు రాత్రి నిద్రెలా పడుతుందో నాకర్థం కాదు. మా కొంటాలో స్కూలు ఎదురుగా అన్నపూర్ణత్త హోటల్ ఉన్నదే జవాబులు సరిచూసుకోవడానికి. మధ్య బల్ల మీద ప్రశ్నపత్రం పరిచి, దాని మీద మిర్చిబజ్జీల పళ్లెం పెట్టి, చుట్టూ పదిమంది మూగి అరుచుకుంటేనే మాకు పరీక్ష పూర్తయినట్టు. అక్కడ తీర్పు చెప్పేది నేను. మా నాన్న సుందరరావు కిరాణా కొట్టు సరుకుతో పాటు జగదల్‌పూర్ నుంచి నాకు గైడ్లు తెప్పించేవాడు. గైడు ఎవరి దగ్గరుంటే వాళ్ల మాటే చెల్లుతుంది కాబట్టి ఈ కిరణ్మయి చెప్పిందంటే తిరుగుండేది కాదు.

సోడి గంగే మాత్రం ఒక్కసారి కూడా ఈ పంచాయితీలో నోరు విప్పలేదు. మరైగూడ అవతల అడవిలో వాళ్ల ఊరు. కొంటాలో హాస్టల్లో ఉండి చదివేది. తొమ్మిదో క్లాసు నుంచీ నా పక్క బెంచీ. ఇంట్లో దోర్లి, నాతో తెలుగు, క్లాసులో హిందీ, హాస్టల్ పిల్లలతో గోండి మాట్లాడేది. ఇన్ని భాషలు చేతిలో ఉండి కూడా, అన్నిట్లో కలిపి రోజంతా మాట్లాడేది మా అమ్మ ఒక్క తిట్టులో వాడే మాటలకు సరిపోదు. పరీక్ష ఎలా రాశావంటే "రాసిన" అనేది. బజ్జీ తినేది, పోయేది. ఇంత చప్పని మనిషితో నాకెలా స్నేహం కుదిరిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

పన్నెండో క్లాసు పరీక్షలు మార్చిలో వచ్చాయి. మాకు అవి పరీక్షలు, గంగేకు అటో ఇటో తేలే వ్యవహారం. పాసయితే జగదల్‌పూర్‌లో నర్సింగ్. ఫెయిలైతే ఇంటికి. ఏడాదిగా వాళ్లింట్లో అడవికి పోయే మనిషి లేడు. కూతురొస్తే ఇప్పపువ్వు ఏరడానికీ, తునికాకు కోయడానికీ రెండు చేతులు దొరుకుతాయని తల్లి సోమి కాచుకుని కూర్చుంది. ఒకసారి ఇంటికి పోతే మళ్లీ బయటపడేది ఉండదని గంగేకు తెలుసు, నాకూ తెలుసు.

మిగతా పేపర్లు బాగానే దాటాయి. ఆఖరున మిగిలింది మనోవిజ్ఞాన్, అంటే మనస్తత్వ శాస్త్రం. దానికి మాకు మాస్టరే లేడు. రాజనీతి శాస్త్రం చెప్పే మురళి సార్‌కు ఇది అదనంగా అంటగట్టారు. ఆయన హిందీ పాఠం గట్టిగా చదివి, కష్టమైన మాట వస్తే ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ చదివేవాడు. ఆ పుస్తకంలో భయం పోగొట్టే పద్ధతికి 'క్రమబద్ధ్ విసంవేదనీకరణ్' అని పేరు. ఆ మాట పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. నేను దాన్ని వారం రోజులు బట్టీ కొట్టాను, పక్కన గంగేకు కూడా వినపడేలా.

పేపరు చూస్తే నిజంగా దిమ్మ తిరిగింది. చదవని ప్రశ్నలే వెతికి వెతికి ఇచ్చారు. ఆఖరి ప్రశ్నకు మాత్రం మార్కులు ఎక్కువ. రమేష్ అనే అతనికి ఒకసారి అడవిలో ఎలుగుబంటి ఎదురయింది. దెబ్బేమీ తగల్లేదు. అప్పట్నుంచీ ఇల్లు కదలడు, నల్లటిదేది కనిపించినా వణుకుతాడు, అడవి పేరెత్తితే చెమటలు. అతని మానసిక సమస్య ఏమిటి, చికిత్స ఏమిటి? చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. భయరోగం అని పేరు రాసి, నా పొడుగు మాట దించి, కింద రెండు గీతలు గీశాను.

ఆ రోజు అన్నపూర్ణత్త హోటల్లో పంచాయితీ మామూలుగా జరగలేదు. బట్టల కొట్టు చక్రి కూడా నాలాగే రాశాడు. బజారు పిల్లలందరం ఒకటే జవాబు. అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఒక్కరు తప్పకుండా రమేష్‌కు ఏ రోగమూ లేదని రాసి వచ్చారు. వాళ్లలో బండి అనేవాడిది గంగే ఊరే. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరి, ఆ వాసన చేతులకు అలాగే ఉండగా పరీక్షకొచ్చాడు. ఎలుగుకు భయపడేవాడు బాగున్నట్టు, భయపడనివాణ్ణే డాక్టరుకు చూపించాలి అని రాశాడట. అంతటితో ఊరుకోక, చికిత్స కింద రమేష్ భార్యకు సలహా కూడా ఇచ్చాడట: పొద్దెక్కాక పంపు, కుక్కను తోడు పంపు, చేతికి డబ్బా ఇచ్చి మోగించుకుంటూ పొమ్మను. వాడి వెనకాల కూర్చున్నవాడు, ఎలుగులు ఇప్పపువ్వు తినడానికొచ్చే రోజులు అయ్యేదాకా రమేష్ ఇంట్లో ఉండటమే మంచిదని ఒక పేజీ నింపాడు.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. మార్కులన్నీ ఆ ప్రశ్నలో ఉంటే వీళ్లు ఎలుగుబంటికి జాగ్రత్తలు రాసి వచ్చారు. బల్ల చరిచి, పుస్తకంలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. బండి వినడే. అదే దారిలో పోతున్న మురళి సార్‌ను పట్టుకొచ్చి తీర్పు చెప్పమన్నాం. ఆయన ప్రశ్న రెండుసార్లు చదివి, ఒక బజ్జీ తీసుకుని, పేపర్లు దిద్దేది తను కాదని చెప్పి వెళ్లిపోయాడు. అన్నపూర్ణత్త మాత్రం రమేష్‌కు పొద్దున్నే అల్లం టీ పడితే అన్నీ సర్దుకుంటాయంది.

అప్పుడు గంగే మాట్లాడింది. హోటల్ మొత్తం వినపడేలా మాట్లాడింది.

"ఆయనకు రోగం లేదు."

"ఉన్నదే. బుక్కుల ఉన్నది" అన్నాను.

"బుక్కు రాసినోని మీదికి ఎలుగొచ్చిందా? చెట్టెక్కి పొద్దెక్కేదాక కూసున్నడా వాడు?"

"అట్ల రాస్తే మార్కులు పోతయే నీకు."

"పోనీ."

చేతిలో బజ్జీ సగం తిన్నది అక్కడే పెట్టి లేచి వెళ్లిపోయింది. నాకు కోపమొచ్చింది. నేను దాని మంచికి చెబుతుంటే నా మీద అరవడమేమిటి? మనోవిజ్ఞాన్ పోతే జగదల్‌పూర్ పోయినట్టే కదా. తిక్క ముదిరిందని నేనంటుంటే బండి నెమ్మదిగా విషయం చెప్పాడు. గంగే తండ్రి హడ్మా కిందటేడు చీకటితోనే ఇప్పపువ్వుకు పోయాడు. చెట్టు కింద ఎలుగు ఉంది. ఎలాగో చెట్టెక్కి బాగా పొద్దెక్కేదాకా కొమ్మ పట్టుకుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. అదే ఆయన దురదృష్టం. ఒక్క గాయమన్నా ఉంటే ఊళ్లో చూపించుకుని గౌరవంగా తిరిగేవాడు. గీతైనా పడకుండా ఏడాదిగా వాకిలి దాటకపోయేసరికి చిన్నపిల్లలు కూడా ఆయన్ను చూసి ఎలుగులా గుర్రుమంటున్నారట.

ఆ రోజే సాయంత్రం గంగే మా కొట్టుకొచ్చింది. ఏమీ కొనలేదు. మా నాన్న చింతపండు తూకం దగ్గర ఉన్నంతసేపూ నిలబడి, ఆయన లోపలికి పోయాక నా దగ్గరికొచ్చింది.

"నువ్వు రాసినవ్ గదా ఆ పొడుగు మాట. అది ఎట్ల చెయ్యాలె?"

"నీకా జవాబు తెలుసా?"

"తెలుసు. నువ్వే గదా చెవుల తూట్లు పడేటట్టు చదివినవ్."

"మరెందుకు రాయలే?"

గంగే కౌంటరు మీద బియ్యపు గింజలు వేలితో ఒకచోటికి నెడుతూ ఉంది. "ఎక్కడోడో మాస్టరు చదువుతడు దాన్ని. మా అయ్యకు తల బాగలేదని నా చేత్తోని ఎట్ల రాయాలె?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే కసురుకోవడం నా అలవాటు. పేపర్లో రమేష్ అని ఉంటే నువ్వు హడ్మా అని ఎందుకు చదివావే అని దాన్ని తిట్టాను. తిట్టి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. భయపడే వస్తువును ముందు బొమ్మలో చూపించాలి. మనిషి కుదుటపడ్డాక దానిలాంటిది ఇంకోటి చూపించాలి. తర్వాత కొద్దికొద్దిగా అసలు చోటికి దగ్గరగా తీసుకుపోవాలి. ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. పుస్తకంలో లేదన్నాను. మధ్యలో మనిషి పారిపోతే ఏం చేయాలంది. అదీ లేదన్నాను. వారం రోజులు బట్టీ కొట్టిన మాటలో పనికొచ్చేది అంతే ఉందని నాకప్పుడే తెలిసింది.

బొమ్మ కోసం కొట్టంతా వెతికాను. చిన్నపిల్లల హిందీ అక్షరాల చార్టు ఒకటి దొరికింది. 'భ' పక్కన భాలూ అని ఎలుగుబంటి. నోట్లో పువ్వు పెట్టుకుని నవ్వుతోంది. మా నాన్న వచ్చి, చార్టు మూల ఎలుక కొరికింది కాబట్టి ఊరికే తీసుకుపొమ్మన్నాడు. అంత ధర్మం ఆయన చేయగా నేనెప్పుడూ చూడలేదు.

గంగే చార్టు చుట్టుకుని ఊరికి పోయాక, ఎండాకాలమంతా సంతకొచ్చిన బండి నోటే నాకు కబుర్లు. హడ్మా చార్టు చూసి భయపడలేదట, కోప్పడ్డాడట. దీనికి గోళ్లేవి, మూతి ఇట్లుంటదా అని బొగ్గు తీసుకుని తనే గోళ్లు దిద్దాడు, పళ్లు పెట్టాడు, జుట్టు లేపాడు. పని పూర్తయ్యాక వెనక్కి జరిగి చూసుకుని, తను గీసినదానికి తనే హడలిపోయి చార్టును గోడవైపు తిప్పేశాడు. సోమి మళ్లీ ఇటు తిప్పింది. వారమంతా మొగుడు అటు, పెళ్లాం ఇటు. తర్వాత రెండో మెట్టుగా గంగే బండి వాళ్ల నల్ల మేకపోతును తోలుకొచ్చి వాకిట్లో కట్టేసింది. అది తాడు తెంపుకుని లోపలికి పోయి ఎలుగుబంటిని చార్టుతో సహా నమిలేసింది. ఏడాదిలో హడ్మా నవ్వింది అప్పుడేనట. కడుపు పట్టుకుని నవ్వాడట. మర్నాడు కూతురి చేయి పట్టుకుని కంచె దాకా వచ్చాడు. ఆ తర్వాత వాగు దాకా. వాగు దాటడానికి మాత్రం ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

నేను ఈ గొప్పంతా నాదేనని ఇంట్లో చెప్పుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఫలితాలు వచ్చిన రోజు అన్నపూర్ణత్త హోటల్లో ఒక్క ఫోనుకే సిగ్నల్ ఉంది. దాని చుట్టూ తోపులాట. గంగే పాసయింది. మనోవిజ్ఞాన్‌లో అంచు మీద నిలబడి గట్టెక్కింది. నాకు నేననుకున్నదానికంటే తక్కువొచ్చాయి, చక్రికి నాకంటే ఎక్కువొచ్చాయి, ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. బండికి సప్లిమెంటరీ వచ్చింది. రమేష్ సంసారంలో తలదూర్చినందుకే అని వాడి నమ్మకం. ఆ ఎలుగు జవాబుకు మార్కులు వేశారో లేదో జవాబుపత్రం తెప్పించి చూద్దామని గంగేను ఎంత బతిమాలినా వద్దంది.

జగదల్‌పూర్ పోయే రోజు గంగే ట్రంకుపెట్టెతో బస్టాండులో కనిపించింది. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. గంగే మాత్రం ఎక్కడం లేదు. పెట్టె మీద కూర్చుని మరైగూడ దారివైపు చూస్తోంది. ఏమైందే అని అడిగితే చెప్పింది. ఊరి నుంచి జీపు రోడ్డు దాకా అడవి దారే. పెట్టె ఎవరు మోస్తారని ఇంట్లో అనుకుంటుంటే హడ్మా లేచి నెత్తిన పెట్టుకున్నాడట. వాగు దాటాడు. దారంతా ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో కూతురి చేయి. జీపెక్కించాడు.

"ఇప్పుడు వెనక్కి ఒక్కడే పోవాలె గదా" అంది గంగే. "పోతవా అయ్యా అంటే, నువ్వు పో, నేను పోత అన్నడు. నా చెయ్యి మాత్రం ఇడువలే. ఆయన ఇంటికి చేరిండని బండి వచ్చి చెప్పేదాక నేను ఎక్క."

కండక్టరు రావే రావే అని కేకలు. వాళ్ల ఊళ్లో ఫోను పనిచేయదు. ఈ బస్సు పోతే కాలేజీలో పేరు రాయించుకునే రోజు దాటిపోతుంది. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి కండక్టరుతో తగువు పెట్టుకున్నాను. మా కొట్టు సరుకంతా ఈ బస్సు మీదే వస్తుందనీ, రేపట్నుంచి ఇంకో బస్సుకు వేస్తామనీ నోటికొచ్చినట్టు బెదిరించాను. లోపలివాళ్లు నన్ను తిడుతున్నారు, నేను వాళ్లను తిడుతున్నాను. అంతలో బండి ఎవరిదో మోటారుసైకిల్ మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు.

"చేరిండు" అన్నాడు దిగుతూనే. "దారి పొడుగూత గొంతు చించుకొని పాడుకుంట వచ్చిండు. ఊరంతా ఇన్నది."

భయంతోనే పాడాడని ఊరికి తెలియదా? పిల్లలు నవ్వారా అని అడిగాను. లేదన్నాడు బండి. అందరూ వాగు దాకా ఎదురుపోయారట, ఆయన గొంతు దగ్గరయ్యేదాకా అక్కడే నిలబడ్డారట.

గంగే కొంగుతో మొహం తుడుచుకుని, పెట్టె ఎత్తుకుని బస్సెక్కింది.