మూడో రోజు పప్పు ఉడకలేదు

మా వంటింట్లో నీళ్ల ఫిల్టరు నాలుగు రోజులుగా ఎర్రలైటు వెలిగించుకుని కీచుమంటోంది; ఈ వయసులో నా మోకాళ్లు కూడా అంత గోల చేయవు. చూడవచ్చిన మెకానిక్ పెన్నులాంటి మీటరును గ్లాసులో ముంచి, నీళ్లలో సున్నం ఎక్కువని తేల్చాడు. ఆ సంగతి నేను మీటరుతో నేర్చుకున్నవాణ్ణి కాదు, కందిపప్పుతో నేర్చుకున్నవాణ్ణి.

మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల కాలనీలో మా క్వార్టరు. బాపు గనిలో పనిచేసేవాడు. గనిని మావాళ్లు బాయి అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతూ నేను సెలవులకు ఇంటికొచ్చిన రోజుల్లో, అమ్మమ్మకు బాగోలేదని అవ్వ వారం రోజులకు పెద్దపల్లి వెళ్లింది. క్యాంటీన్లో తింటానని బాపు అంటే, ఇంట్లో ఒక శాస్త్రజ్ఞుడుండగా ఆ అవసరమేమిటని అడ్డుపడ్డాను.

మొదటి షిఫ్టు బస్సు ఎవరి పప్పు కోసమూ ఆగదు. బొగ్గు పొయ్యిని వాకిట్లో రాజేసి, పొగ పూర్తిగా చచ్చాకే లోపలికి తేవాలి, దానికే అరగంట. రెండు రోజులు ఎట్లాగో గడిచాయి. మూడోనాడు నల్లాలో నీళ్లు రాలేదు. బోరింగు నీళ్లు కొట్టుకొచ్చి ఎసరు పెట్టి, టైము కలిసొస్తుందని పప్పుతోపాటే చింతపండు పులుసూ పోసేశాను. పొయ్యి భగభగ మండింది, నీళ్లు కళపెళా మరిగాయి, పప్పు మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు గింజ గింజగానే కూర్చుంది. బస్సు హారను కొట్టింది. ఎనిమిది గంటలు భూమి కింద కష్టపడే మనిషికి ఆ పప్పే డబ్బాలో కట్టిచ్చాను.

మధ్యాహ్నం బాపు డబ్బా నా ముందర పెట్టి, "నములుదామంటే షిఫ్టు సాలలే బిడ్డా," అన్నాడు. అన్నంలో ఉప్పేసుకుని రెండు ముద్దలు తిన్నాడట. కోప్పడితే బాగుండేది.

ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన పక్క క్వార్టరు చిన్నమ్మ గిన్నె మూత తీసి ఒకటే నవ్వు.

"ఉడుకని పప్పుల పులుపు పోస్తరా? గా బోరింగు నీళ్లకు పప్పు ఉడుకదని మా చిన్న పొల్లకు సుత ఎరుకే. నువ్వేం సదువుతున్నవ్ కొడుకా?"

కెమిస్ట్రీ అని చెప్పే ధైర్యం చాలలేదు.

మర్నాటికి పప్పు ముందే నానబెట్టి, ఆమె బిందెలోని నల్లా నీళ్లు తెచ్చుకుని, గింజ వేలి కింద వెన్నలా అణిగాకే పులుపు పోశాను. బస్సు వచ్చేసరికి పోపుతో సహా డబ్బాలో ఉంది. ఆ మధ్యాహ్నం డబ్బా కడిగినట్టు తిరిగొచ్చింది. బాయిలో నలుగురికి పంచి, "మా పిలగాడు వండిండు" అని బాపు ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడని తోటివాళ్లు చెప్పారు. నా డిగ్రీ గురించి ఆయన ఎన్నడూ అంత చెప్పుకోలేదు. నేనూ పెద్దగా గర్వపడలేదు. కాలనీలో ఓ పది ఇళ్లకు మాత్రం చెప్పి ఊరుకున్నాను.

ఇప్పుడు కుక్కరు మూడు కూతలు కూసి పని ముగిస్తుంది. ఏ నీళ్లో, పాత పప్పో కొత్త పప్పో ఎవరికీ పట్టదు. తొందరగా అవుతుంది, మంచిదే. మూత తీసి, గింజను వేలితో నొక్కి, ఇంకాసేపు ఆగుదామనుకునే మనిషే ఏ ఇంట్లోనూ లేకుండా పోయాడు.

ఆ వారం చివర అవ్వ తిరిగొచ్చి నా పప్పు తిన్నది, మారు కూడా వేసుకుంది. ఇదే అదనని, మూడోనాటి డబ్బా సంగతి చెప్పి, బోరింగు నీళ్లూ పులుపూ కలిసి గింజను ఎట్లా బిగించేస్తాయో పుస్తకంలో ఉన్నదంతా వివరంగా చెప్పాను. అవ్వ ఆఖరిదాకా విని, చెయ్యి కడుక్కుని, నా వైపు తిరిగింది.

"గిదంత ఎరుకుండి, మీ బాపును ఆకలితోని బాయిల దింపినవా?"