పార్వతమ్మగారు తలుపు దగ్గర కూర్చున్న మధ్యాహ్నం

గంజి పెట్టిన నూలు చీర మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక వేడి వాసన లేస్తుంది. అది తగిలితే చాలు, నాకు ఎప్పుడూ అలాంటి చీరలే కట్టే పార్వతమ్మగారు గుర్తొస్తారు. జంషెడ్‌పూర్‌లో భాలుబాసా అనే పేటలో మేము అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఈ ఊరు వచ్చి, ఇక్కడి బడిలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పోయిన వానాకాలంలో కన్నుమూశారు. ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలంటే మా అమ్మాయి సంగతి చెప్పాలి.

చిన్మయికి మాటలతో పాటే చదవడం వచ్చేసిందేమో అనిపించేది. సాక్చి బజారులో ఆటో ఎక్కితే దుకాణాల బోర్డులన్నీ గట్టిగా చదువుతూ వచ్చేది. పక్కన కూర్చున్నవాళ్ళు ఆశ్చర్యపోతుంటే నాకు గర్వంతో ఒళ్ళు తెలిసేది కాదు. ఇంటికి రాగానే ఆ పిల్లే కాళ్ళు కడుక్కోనని గంటసేపు గుమ్మంలో కూర్చునేది. నేను తెలుగులో బతిమాలితే తను హిందీలో వాదించేది. మా ఆయన నవ్వి, దీన్ని వకీలును చేద్దామనేవారు. ఆయనకు షిఫ్టు డ్యూటీలు. వాదనలు వినేది నేనే.

అయిదో ఏట బడిలో పెన్సిలు పట్టుకోనంది. టీచరు పుస్తకంలో ఏది చూపించినా చదివేది, రాయమంటే చేతులు కట్టుకునేది. ఇలాగే ఉంటే ఒకటో తరగతికి పంపడం కష్టమని నన్ను పిలిచి చెప్పారు. ఆ ఆదివారం మధ్యాహ్నం, ఒక్క వరస రాస్తే గానీ లేవడానికి వీల్లేదన్నాను. అది లేచి, లోపలి గదిలోకి వెళ్ళి గడియ వేసేసుకుంది.

కాసేపు పోనిమ్మన్నాను. తరవాత పిలిచాను, బెదిరించాను, ఐస్‌క్రీమ్ ఆశ పెట్టాను. తలుపు తెరుచుకోలేదు. మండే వేసవి, ఏదో మరమ్మతుకని కరెంటు తీసేశారు, ఆ గదిలో ఉన్న ఒక్క కిటికీ మూసి ఉంది. నాకు భయం పుట్టి రెండు చేతులతో తలుపు నెట్టడం మొదలుపెట్టాను.

ఆ చప్పుడికి పార్వతమ్మగారు పైకి వచ్చారు. ఏం జరిగిందో నేను చెబుతుండగానే తలుపుకు చెవి ఆనించి, నన్ను ఊరుకోమన్నట్టు చెయ్యెత్తారు.

“ఇందాకట్నుంచీ లోపల గడియ కదుల్తంది, ఇన్నావా? తియ్యనన్న పిల్ల గడియెందుకు కదుపుతాది?” అన్నారు మెల్లగా.

నాకు వినపడలేదు. నా అరుపుల్లో ఎలా వినపడుతుంది? ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే నేల మీద చతికిలబడి, తలుపు సందు దగ్గర నోరు పెట్టి, బంగారూ, మా ఇంట్లో గడియ కూడా ఒక్కోసారి నా మాట వినదమ్మా, నాకూ రాదు, అన్నారు.

తరవాత లోపల వెక్కిళ్ళు వినిపించాయి. “నానీ, ముఝ్‌సే నహీ ఖుల్ రహా.” అమ్మమ్మా, తీయడం నాకు రావట్లేదు. పుట్టిన దగ్గర్నుంచీ రాదన్న మాట మా అమ్మాయి నోట నేను వినడం అదే మొదలు.

పార్వతమ్మగారు నా వైపు తిరిగారు. “నువ్వు ఇట్నుంచి తోత్తంటే గడియ బిగుసుకుపోదేటమ్మా? అదెలా తీత్తాది? తోయడం మానేసి, తలుపు నీ వేపు లాగి పట్టుకో.”

లాగి పట్టుకున్నాను. గడియ జారిన చప్పుడైంది. చెమటతో తడిసి ముద్దయిన పిల్ల నా ఒళ్ళోకి వచ్చి పడింది. ఇద్దరం ఏడ్చాం. పార్వతమ్మగారు కొంగుతో మా ఇద్దరికీ విసిరారు.

పిల్ల నిద్రపోయాక ఆవిడ నాతో ఒకే ఒక్క మాటన్నారు. “సెయ్యనంటందో, సెయ్యలేనంటందో ముందు కనుక్కో. చురుకైన పిల్లలకి రాదని చెప్పడం నామోషీ.”

పెన్సిలు ఎందుకు పట్టుకోవని సాయంత్రం ఆవిడే పిల్లను అడిగారు. చిన్మయి తల వంచుకుని, తను రాసిన అక్షరాలు పుస్తకంలో ఉన్నట్టు రావట్లేదంది. కళ్ళకు తెలిసినంత బాగా వేళ్ళకు తెలియలేదు, అంతే. ఆ వేసవంతా ఇద్దరూ డాబా మీద సుద్దముక్కలతో కూర్చున్నారు. పార్వతమ్మగారి హిందీ రాత నిజంగానే వంకర. దాన్ని చూసి పిల్ల పడీపడీ నవ్వి, సరిదిద్దడానికి తనే సుద్ద అందుకునేది. బడి తెరిచాక టీచరు ఫోన్ చేశారు. చిన్మయి రాస్తోంది, వంకరగా ఉన్నా రాస్తోంది, అన్నారావిడ. ఫోన్ పెట్టేసి, ఆ మాట చెప్పడానికి మెట్లు దిగి పార్వతమ్మగారి దగ్గరికి పరుగెత్తాను.

ఇప్పుడది పెద్ద తరగతుల్లోకి వచ్చింది. మొండితనం ఎక్కడికీ పోలేదు. మొన్న ఈతకు ఎంత పిలిచినా రానంది. నా గొంతు లేవబోయింది. ఆగి, పక్కన కూర్చుని, ఇష్టం లేదా, భయమా అని అడిగాను. గోళ్ళు చూసుకుంటూ, “భయం” అంది, తెలుగులోనే. సరే, ఇవాళ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుందాం అన్నాను. ఇద్దరం వెళ్ళి కూర్చున్నాం.